బోరు నీళ్లలో ఫ్లోరైడ్: తప్పు రాయిదా, మనదా?

గులకరాయి:
బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు (ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు) దాటిందంటే చాలు, అందరూ ఎరువుల మీదా ఫ్యాక్టరీల మీదా పడతారు. నన్నడిగితే అసలు దోషి రాయే. గ్రానైట్‌లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాలుంటాయి. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పుల్లబడి, ఏళ్ల తరబడి రాతిని కరిగిస్తూ పోతుంది. మనుషులే లేకపోయినా ఇది ఆగేది కాదు.

పొలంగట్టు:
సూపర్ ఫాస్ఫేట్ సంగతేంటి గులకరాయి గారూ? దాన్ని తయారుచేసే రాతి ఫాస్ఫేట్‌లోనే ఫ్లోరైడ్ ఉంటుంది. ఏటా చల్లుతూనే ఉన్నాం. అదంతా ఎటు పోతున్నట్టు?

గులకరాయి:
చాలావరకు పైమట్టిలోనే ఇరుక్కుపోతుందండీ. అసలు ఆ నీళ్లు ఎప్పటివో చూడండి. 1950, 60 దశకాల్లో హైడ్రోజన్ బాంబు పరీక్షల వల్ల వాన నీటిలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) బాగా పెరిగింది. బోరు నీళ్లలో అది దాదాపు లేదంటే, అవి అంతకుముందే భూమిలో ఇంకిన నీళ్లు. వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటే ఎరువు బస్తా మీద కేసు నిలవదు.

నీటిపరీక్ష:
ఇద్దరూ ఒక్క ఫ్లోరైడ్ అంకె పట్టుకునే కొట్టుకుంటున్నారు. రిపోర్టులో కాల్షియం, సోడియం కూడా చూడండి. కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ ఓ స్థాయి దాటలేదు, రెండూ కలిసి ఫ్లోరైట్‌గా పేరుకుపోతాయి. బంకమన్ను ఆ కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదిలిందా, ఇక ఫ్లోరైడ్‌కి అడ్డే లేదు. కాల్షియం తగ్గడంతో సబ్బు నురగ భలే వస్తోందని మురిసిపోయే నీళ్లలోనే ఇది ఎక్కువుండొచ్చు. మరిగించినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పొలంలోనూ అంతే: తోడి పారించిన నీటిలో కొంత ఆవిరవుతుంది, మిగిలింది లవణాలతో సహా కిందికి ఇంకుతుంది, మళ్లీ దాన్నే తోడతాం.

పొలంగట్టు:
నేననేదీ అదే కదా! రాయి వదిలిందే అనుకుందాం. లోతున తన మానాన తానున్న నీటిని బోరు దించి పైకి లాగిందెవరు?

గులకరాయి:
లాగిందెవరన్నది వేరే సంగతి, ఫ్లోరైడ్ ఎక్కడిదన్నదే నా ప్రశ్న. నైట్రేట్ అయితే మారుమాట లేకుండా ఒప్పుకుంటా. మామూలు రాళ్లలో అది ఉండదు. ఎక్కువగా కనిపించిందంటే ఎరువులో, పశువుల పెంటో, సెప్టిక్ ట్యాంకో అయ్యుంటుంది.

నీటిపరీక్ష:
పొలంగట్టు గారూ, మీ బోరు రిపోర్టులో కాల్షియం ఎంతుంది?

పొలంగట్టు:
అందులో ఫ్లోరైడ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి) రెండే ఉన్నాయండీ. కాల్షియం చూడమని మేమూ అడగలేదు.