చివరి ఇన్నింగ్స్‌లో బంట్ ఆడమంటే తప్పా? (బేస్‌బాల్ చర్చ)

పాత_గ్లోవ్ (బల్లార్షా)

క్రికెట్ తప్ప ఇంకో ఆట లేదనుకునే ఈ వేదికలో బేస్‌బాల్ గురించి ఎంతమంది చదువుతారో తెలియదు. కడుపు మండి రాస్తున్నాను.

మొన్న జిల్లా స్థాయి అండర్-17 పోటీల్లో మన వైపు స్కూలు జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. చివరి ఇన్నింగ్స్, స్కోరు సమం. మొదటి బేస్ మీద మనవాడు ఉన్నాడు, ఇంకా ఒక్క అవుట్ కూడా కాలేదు. కోచ్ బంట్ సైగ ఇచ్చాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: మూడు బేసులు దాటి మొదలుపెట్టిన చోటికి, అంటే హోమ్ ప్లేట్‌కి, తిరిగొస్తే ఒక పరుగు; మూడు అవుట్లకు ఇన్నింగ్స్ అయిపోతుంది. బంట్ అంటే బ్యాటు ఊపకుండా బంతికి అడ్డుపెట్టి మెత్తగా ముందు పడేయడం. ఆడినవాడు సాధారణంగా అవుటవుతాడు, రన్నర్ మాత్రం ఒక బేస్ ముందుకెళ్తాడు. ఈ కుర్రాడు సైగ చూసి కూడా చూడనట్టు బ్యాటు ఊపాడు. బంతి నేరుగా షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) దగ్గరికి దొర్లింది. డబుల్ ప్లే, ఒకే బంతికి ఇద్దరూ అవుట్. అదనపు ఇన్నింగ్స్‌లో అవతలివాళ్ళు గెలిచి ఇంటికెళ్ళారు.

తాలూకా క్రీడా సంకుల్‌లో (క్రీడా ప్రాంగణంలో) పిల్లలకు ఈ ఆట నేర్పుతూ తల నెరిసింది నాకు. హోరాహోరీ మ్యాచ్‌లను గెలిపించేవి ఎవరూ చప్పట్లు కొట్టని పనులే. ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేసుల చుట్టుపక్కల, బంతి దొర్లిన ప్రతిసారీ రైట్ ఫీల్డర్ మొదటి బేస్ వెనక్కి పరుగెత్తాలి, త్రో తప్పితే ఆపడానికి. దాదాపు ప్రతిసారీ ఆ పరుగు వృథాయే. బేసులు ఖాళీగా ఉంటే క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) కూడా ఆ కవచాలన్నీ మోసుకుంటూ అదే వైపు ఉరకాలి, అదీ మన చంద్రపూర్ ఎండలో. అవుట్‌ఫీల్డ్ నుంచి హోమ్‌కి త్రో వస్తుంటే బంతి వేసే పిచర్ నడుం మీద చేతులు పెట్టుకుని చూడకూడదు, హోమ్ ప్లేట్ వెనక్కి వెళ్ళాలి.

2001 అక్టోబర్ 13న అమెరికాలోని ఓక్లాండ్‌లో న్యూయార్క్ యాంకీస్ జట్టు 1-0తో గెలిచిన మ్యాచ్ చూడండి. ఏడో ఇన్నింగ్స్‌లో రైట్ ఫీల్డ్ నుంచి వచ్చిన త్రో, దాన్ని మధ్యలో అందుకోవలసిన ఇద్దరి తలల మీదుగా వెళ్ళిపోయింది. షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ తన చోటు వదిలి మైదానం దాటి వచ్చి, ఆ బంతిని పట్టుకుని పక్కకు విదిల్చి క్యాచర్‌కి అందించాడు. రన్నర్ హోమ్ దగ్గర అవుట్. అది అతని చోటు కాదు, అయినా వచ్చాడు. మన పిల్లల్లో ఆ బుద్ధి ఎందుకు లేదు?

చాయ్_బిస్కట్

మనకు కబడ్డీ ఉంది, ఖోఖో ఉంది. ఈ అమెరికా గోల ఎందుకు అన్నా?

రాజురా_లెక్కలు

పాత_గ్లోవ్ సార్, బ్యాకప్ పరుగుల సంగతి ఒప్పుకుంటాను. అందులో మనం పోగొట్టుకునేది చెమట తప్ప ఏమీ లేదు. కానీ బంట్‌ని వాటితో కలిపి కట్టేశారు, అక్కడే తేడా. బంట్‌లో ఒక అవుట్‌ని మనమే అవతలివాళ్ళ చేతిలో పెడుతున్నాం. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఉండేవే 27 అవుట్లు.

అమెరికా మేజర్ లీగ్‌లో వేల మ్యాచ్‌ల నుంచి తీసిన లెక్కలున్నాయి. మొదటి బేస్ మీద రన్నర్, సున్నా అవుట్లు ఉంటే ఆ ఇన్నింగ్స్‌లో ఇంక వచ్చే పరుగుల సగటు సుమారు 0.86. బంట్ సరిగ్గా పడి రెండో బేస్ మీద రన్నర్, ఒక అవుట్ అయితే అది సుమారు 0.66కి పడిపోతుంది. 'మాకు ఒక్క పరుగు చాలు' అంటారా, దానికీ లెక్క ఉంది. కనీసం ఒక్క పరుగు వచ్చే అవకాశం బంట్‌కి ముందు 42 శాతం దగ్గర, తర్వాత 40 దగ్గర. అంటే త్యాగం చేసి మరీ నష్టపోతున్నాం. కుర్రాడు ఊపడం సరైన పనే. బంతి షార్ట్‌స్టాప్ వైపు పోవడం వాడి దురదృష్టం.

పాత_గ్లోవ్

మాస్టారూ, అవి కోట్ల జీతాలు తీసుకునేవాళ్ళ లెక్కలు. మన స్కూలు మ్యాచ్‌లో బంట్ పడితే మూడో బేస్ కుర్రాడు, పిచర్ ఇద్దరూ నువ్వు తియ్ అంటే నువ్వు తియ్ అని చూసుకుంటారు. తీసినవాడు తొందరలో మొదటి బేస్ మీదుగా ప్రేక్షకుల్లోకి విసురుతాడు. పిల్లలదాకా ఎందుకు, 2001 వరల్డ్ సిరీస్ (అమెరికా మేజర్ లీగ్ ఫైనల్) ఏడో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్. అరిజోనా ఒక పరుగు వెనక ఉంది. బంతి వేస్తున్నది యాంకీస్ మనిషి మరియానో రివేరా, ఆ కాలంలో అంతటి ముగింపు పిచర్ లేడు. మొదటి బేస్ మీద రన్నర్ ఉండగా అరిజోనా డేమియన్ మిల్లర్ బంట్ ఆడాడు. రివేరా దాన్ని పట్టి రెండో బేస్‌కి విసిరితే సెంటర్ ఫీల్డ్‌లోకి పోయింది. ఇద్దరూ క్షేమం. చివరికి అరిజోనా 3-2తో కప్పు కొట్టింది. బంట్ అంటే ఎదుటివాడిని కంగారు పెట్టడం. కంగారుకి మీ దశాంశాల్లో గడి ఉందా?

రాజురా_లెక్కలు

సగం కథ చెప్పి ఆపేశారు. ఆ వెంటనే జే బెల్ కూడా బంట్ ఆడాడు. అదే రివేరా దాన్ని తీసి మూడో బేస్‌కి విసిరి ముందున్న రన్నర్‌ని అవుట్ చేశాడు. మ్యాచ్‌ని సమం చేసింది టోనీ వోమాక్ కొట్టిన డబుల్ (రెండు బేసుల హిట్), గెలిపించింది లూయిస్ గొంజాలెజ్ కొట్టిన సింగిల్. ఇద్దరూ బ్యాటు ఊపినవాళ్ళే.

పాత_గ్లోవ్

మిల్లర్ బంట్ లేకపోతే వోమాక్ వచ్చేసరికి బేసుల మీద ఎంతమంది ఉండేవారు?

రాజురా_లెక్కలు

జే బెల్ బంట్ లేకపోతే ఇంకొకడు ఎక్కువ ఉండేవాడు.

పాత_గ్లోవ్

మిల్లర్ గురించి అడిగాను.

రాజురా_లెక్కలు

బెల్ గురించి చెప్పాను.

సిరొంచ_కుర్రాడు

😂 పాప్‌కార్న్ తెచ్చుకున్నా. ఒక డౌటు: బంట్ ఆడి అవుటైతే మన బ్యాటింగ్ సగటు పడిపోతుందా?

మాజీ_క్యాచర్

పడిపోదు. స్కోరర్ దాన్ని శాక్రిఫైస్ అని రాస్తే అది బ్యాటింగ్ అవకాశాల లెక్కలోకే రాదు. గాల్లోకి లేచిన బంతి క్యాచ్ అయ్యాక మూడో బేస్ నుంచి రన్నర్ హోమ్ చేరినా అంతే. కానీ ఇంకో త్యాగం ఉంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. రెండో బేస్ మీద రన్నర్, సున్నా అవుట్లు ఉన్నప్పుడు తెలివైన బ్యాటర్ కావాలనే కుడివైపు నేల మీద దొర్లిస్తాడు. తను మొదటి బేస్ దగ్గర అవుట్, రన్నర్ మూడో బేస్‌కి. పని బంట్ చేసిందే, స్కోర్ షీట్‌లో మాత్రం ఉత్త అవుట్. సగటు పడుతుంది.

నేను సాఫ్ట్‌బాల్ ఆడేదాన్ని. క్యాచర్ చేసే మంచిపనుల్లో ముఖ్యమైనది నేలకు తగిలి లేచే బంతికి ఛాతీ అడ్డుపెట్టడం. దానికి షీట్‌లో గడే లేదు, రాత్రి ఇంట్లో బామ్ రాయించుకోవడమే.

రాజురా_లెక్కలు

బాగా చెప్పారు. నిజానికి మీరు చెప్పిన సందర్భంలో, అంటే రన్నర్ రెండో బేస్ మీద ఉంటే, ఒక్క పరుగుకోసం బంట్ ఆడటం లెక్కకీ నిలుస్తుంది. అవకాశం సుమారు 61 నుంచి 66 శాతానికి పెరుగుతుంది. నా గొడవంతా మొదటి బేస్ గురించే.

పాత_గ్లోవ్

చూశారా, మాస్టారే దారికొచ్చారు.

రాజురా_లెక్కలు

నేనెక్కడికీ రాలేదు. మొన్న రన్నర్ ఉన్నది మొదటి బేస్ మీద. పైగా 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ సెమీఫైనల్ చూడండి. బంట్‌లకు పేరుపడ్డ జపాన్, మెక్సికో మీద 4-5తో వెనకబడి ఉంది. చివరి ఇన్నింగ్స్, మొదటి రెండు బేసుల మీదా రన్నర్లు, సున్నా అవుట్లు. బంట్‌కి ఇంతకన్నా మంచి చోటు పుస్తకంలో ఉండదు. వచ్చింది మురకామి, ఆ టోర్నీలో తంటాలు పడుతున్నాడు. కోచ్ కురియామా అయినా ఊపమన్నాడు. బంతి వెళ్ళి సెంటర్ ఫీల్డ్ గోడకు తగిలింది. 6-5.

పాత_గ్లోవ్

గెలుపు పరుగు తీసింది ఎవరు? షూటో. ఊరికే పరుగెత్తడానికి బెంచీ మీద నుంచి లేపి మొదటి బేస్‌కి పంపిన మనిషి. ఆటంతా కూర్చుని, పిలిచినప్పుడు లేచి, మొదటి బేస్ నుంచి హోమ్ దాకా ఉరికాడు. మీకు గోడకు తగిలిన బంతే కనిపించింది. అదే జపాన్‌లో మసాహిరో కవాయ్ అని యోమియురి జెయింట్స్ ఆటగాడు ఉండేవాడు. 533 త్యాగ బంట్‌లు, ప్రపంచ రికార్డు. అక్కడ ఆ పనిని గౌరవిస్తారు. ఇక్కడ తల్లిదండ్రులే పిల్లల చెవులు కొరుకుతారు, 'నువ్వు కొట్టు, నీ పేరు రావాలి' అని.

బల్లార్షా_అక్క

చదువుతూ ఊరుకుందామనుకున్నాను, తల్లిదండ్రుల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను సార్.

ఆ కవాయ్‌కి జీతం ఇచ్చారు, పేరిచ్చారు, మీరు ఇవాళ కూడా అంకెతో సహా గుర్తుపెట్టుకున్నారు. మావాడు వేరే స్కూలు జట్టులో ఆడాడు. ఎప్పుడు వచ్చినా బంట్ సైగే. చెప్పింది చెప్పినట్టు చేశాడు. జిల్లా జట్టు ట్రయల్స్‌కి వెళ్తే 'నువ్వు హిట్లు ఎన్ని కొట్టావు' అన్నారు. సున్నా. ఇంటికి పంపేశారు. పదో తరగతిలో ఆటల గ్రేస్ మార్కులు కావాలన్నా, రేపు సర్కారు ఉద్యోగంలో క్రీడాకారుల 5 శాతం కోటా కావాలన్నా, అడిగేది సర్టిఫికేట్. బంట్‌కి సర్టిఫికేట్ ఇస్తారా?

పాత_గ్లోవ్

అక్కా, ఆట సర్టిఫికేట్ కోసమైతే ఆడకపోవడమే మంచిది. తల్లులు గట్టు మీద కూర్చుని కోచింగ్ మొదలుపెడితే జట్లు ఇలాగే ఓడతాయి.

బల్లార్షా_అక్క

గట్టు మీద కూర్చోవడానికి నాకు తీరిక లేదు. మా ఆయనది గనిలో షిఫ్టు డ్యూటీ, నేను మిషన్ కుట్టి మావాడికి గ్లోవ్ కొన్నాను. సర్టిఫికేట్ అక్కర్లేదని చెప్పగలిగేవాళ్ళకు ఇంట్లో వేరే ఆసరా ఉంటుంది సార్.

చాయ్_బిస్కట్

సార్ ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

సిరొంచ_కుర్రాడు

+1

రాజురా_లెక్కలు

అక్క చెప్పినదాంట్లో కూడా లెక్క ఉంది. త్యాగ బంట్ సగటును తగ్గించదు నిజమే, కానీ పెంచదు కూడా. ప్రతిసారీ బంట్ అంటే వాడి లెక్క సున్నా దగ్గరే నిలిచిపోతుంది.

పాత_గ్లోవ్

మీకు ప్రతిదీ లెక్కే. నేను మాట్లాడుతున్నది జట్టు కోసం తన్ను తాను తగ్గించుకునే గుణం గురించి. ఆ కుర్రాడికి అది లేదు. అంతే.

మాజీ_క్యాచర్

ఇంక చెప్పక తప్పడం లేదు. ఆ పోటీల్లో ఆ జట్టు స్కోర్ షీట్ రాసింది నేనే. షీట్ ఇప్పుడు కూడా నా ముందు ఉంది.

ఆ జట్టు ఆడిన బంట్‌లన్నీ 8, 9 నంబర్ల పిల్లలవే. మూడు, నాలుగు నంబర్లకు ఒక్కసారి కూడా సైగ వెళ్ళలేదు. మూడో నంబర్ కుర్రాడికి రెండో బేస్ మీద రన్నర్, సున్నా అవుట్లు, స్కోరు సమం అనే పరిస్థితి వచ్చింది, అంటే మాస్టారు ఒప్పుకున్న పరిస్థితే. ఊపనిచ్చారు. స్ట్రైకవుట్, అంటే బంతిని కొట్టలేక అవుట్. ఆ రోజు ఎవరూ గుణం గురించి మాట్లాడలేదు.

సార్ తిడుతున్న కుర్రాడు తొమ్మిదో నంబర్. టోర్నీ మొత్తంలో వాడు బ్యాటు ఊపింది ఆ ఒక్కసారే.

మూడు, నాలుగు నంబర్లకు సొంత బ్యాట్లు ఉన్నాయి. జట్టు అంతా ఆడేది వాటితోనే.

సిరొంచ_కుర్రాడు

ఓహో.

పాత_గ్లోవ్

దీన్ని ఎక్కడికో తీసుకెళ్తున్నారు. బలమున్నవాడు కొడతాడు, లేనివాడు బంట్ ఆడతాడు. ప్రపంచమంతటా అంతే. 8, 9 నంబర్లు సన్నగా ఉంటారు, బంతి ఇన్‌ఫీల్డ్ దాటదు. కోచ్ ఏం చేయాలి? స్కూలు దగ్గర ఉన్నది ఒక్క పాత బ్యాటు, అది చేతిలో పడితే వణుకుతుంది.

బల్లార్షా_అక్క

దాటుతుందో లేదో ఊపనిస్తే కదా తెలిసేది. నెట్స్‌లో కూడా వాళ్ళతో బంట్ ప్రాక్టీసే చేయిస్తారు. మావాడు చెప్పాడు.

నేను బంట్‌కి వ్యతిరేకం కాదు సార్. మీరు రాసిన ఆ రైట్ ఫీల్డర్ పరుగు గురించి చదివి నాకు సంతోషమేసింది, మావాడు చేసేది అదే. నేనడిగేది ఒక్కటే. మూడో నంబర్ కుర్రాడికి ఎప్పుడు చెబుతారు?

పాత_గ్లోవ్

వాడికి చెబితే వాళ్ళ నాన్న ఆ సాయంత్రమే ఫోన్ చేస్తాడు.

బల్లార్షా_అక్క

అదీ సంగతి.

మాజీ_క్యాచర్

అందుకే ఫోన్ చేయని ఇళ్ళ పిల్లలకు చెబుతున్నాం.

చాయ్_బిస్కట్

కబడ్డీలో కూడా ఇదే కథ. బోనస్ కోసం పంపేది ఒకడిని, రైడ్‌కి పేరు ఇంకొకడిది.

పాత_గ్లోవ్

నేను ఆ జట్టు కోచ్‌ని కాదు, నా మీద పడి లాభం లేదు. నా దగ్గర నేర్చుకునే పిల్లల సంగతి చెబుతాను, వినండి. స్కోరు సమం, చివరి ఇన్నింగ్స్, సున్నా అవుట్లు ఉన్నప్పుడు ఎవరి నంబర్ వస్తే వాడికే బంట్. మూడైనా తొమ్మిదైనా. ఫోన్లు నేను చూసుకుంటాను. ఐదో ఇన్నింగ్స్ లోపల తొమ్మిదో నంబర్‌కి కూడా ఊపే హక్కు ఉంటుంది.

బల్లార్షా_అక్క

ఇక్కడ కాదు సార్, క్రీడా సంకుల్ నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. మావాడు వచ్చే సోమవారం నుంచి మీ దగ్గరికే వస్తున్నాడు.

పాత_గ్లోవ్

గ్లోవ్ తెచ్చుకోమనండి. పొద్దున ఆరుకల్లా ఉండాలి. ఆలస్యమైతే మైదానం చుట్టూ పరుగే.

రాజురా_లెక్కలు

ఒక్క నిమిషం. 'ఎవరి నంబర్ వస్తే వాడికే' అన్నారు. రన్నర్ రెండో బేస్ మీద ఉంటేనే కదా? మొదటి బేస్ అయితే ఊపనిస్తారుగా?

పాత_గ్లోవ్

మొదటి బేస్ అయినా బంటే.

రాజురా_లెక్కలు

42 నుంచి 40కి పడుతుందని పైన రాశాను.

పాత_గ్లోవ్

మిల్లర్.

రాజురా_లెక్కలు

జే బెల్.