ఇంటి వీడియోలకు, సినిమాలకు మొదటి నాస్: ఏది తీసుకోవాలి?

గట్టువాసి:
నమస్కారం. నాన్నగారు వీహెచ్ఎస్ టేపుల నుండి కంప్యూటర్‌లోకి ఎక్కించిన పెళ్లి వీడియోలు, పదిహేనేళ్ల ఫోటోలు, పాత పాటలు, కొన్ని 4కె సినిమాలు కలిపి మా ఇంట్లో సుమారు 3 టీబీ ఉన్నాయి. ఇవన్నీ మూడు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉండటంతో ఏది ఎందులో ఉందో వెతకడానికే సాయంత్రం గడిచిపోతోంది. అందుకే ఇంటి నెట్‌వర్క్‌లో టీవీకి, కంప్యూటర్లకు ఫైళ్లు అందించే డిస్కుల పెట్టె, అంటే నాస్, కొనాలనుకుంటున్నాను. రెండు డిస్కులు పట్టే సినాలజీ కంపెనీ డీఎస్223జె సరిపోతుందా, లేక ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న డీఎస్224ప్లస్ దాకా వెళ్లాలా? రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉంచే రెయిడ్ 1 ఉంటే ఒక డిస్కు పోయినా భయం లేదంటున్నారు కనుక, పాత డిస్కులను అమ్మేసి ఆ డబ్బు కూడా ఇందులోనే పెట్టాలని ఆలోచన. మా ఊళ్లో కరెంటు తరచుగా పోతుంది.

తీగలపెట్టె:
ముందు మీ టీవీ సంగతి తేల్చుకోండి. ఫైలు ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే టీవీ ఆడించగలిగితే నాస్ చేసే పని ఫైలును అందించడమే. దానికి 1 జీబీ ర్యామ్ ఉన్న 223జె చాలు. టీవీకి ఆ రూపం తెలియనప్పుడు నాస్ అప్పటికప్పుడు వీడియోను మార్చి పంపాలి. ఈ ట్రాన్స్‌కోడింగ్‌కే ఇంటెల్ చిప్పు అవసరం. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బరువైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చి చూడండి. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయాలి, ఎందుకంటే పాత పద్ధతి ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

ఇంకొక మాట. చాలా టీవీల్లో నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే లాన్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే. బ్లూ-రే నుండి మరింత కుదించకుండా తీసిన 4కె సినిమాల్లో కొన్ని ఘట్టాలు ఆ వేగాన్ని దాటుతాయి కనుక, కేబుల్ కంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైలోనే బొమ్మ ఆగకుండా వచ్చే సందర్భాలున్నాయి.

పాతటేపు:
పాత డిస్కులను దయచేసి అమ్మకండి. రెయిడ్ 1 అంటే ఒకే రాతను రెండు పలకల మీద ఏకకాలంలో రాయడం. ఒక పలకపై చెరిపితే రెండోదానిపైనా అదే క్షణంలో చెరిగిపోతుంది. రెండేళ్ల క్రితం ఖాళీ ఫోల్డరనుకొని మా అబ్బాయి అన్నప్రాశన వీడియోలను నేనే తొలగించాను. రెండు డిస్కులూ భేషుగ్గా పనిచేస్తూనే ఉన్నాయి, వీడియోలు మాత్రం లేవు. సినిమాలు మళ్లీ దొరుకుతాయి, పెళ్లి టేపులు దొరకవు. అందుచేత వాటి ప్రతిని ఒక పాత డిస్కులో వేసి బంధువుల ఇంట్లో ఉంచండి.

డిస్కుల విషయంలో సీఎంఆర్ రకమే అడగండి. అందులో రాతల వరుసలు ఒకదానిపై ఒకటి ఎక్కవు. ఎస్ఎంఆర్ రకంలో వరుసలు కొంత ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి కనుక తిరగరాయడం నెమ్మది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలోని కొన్ని డిస్కులు ఎస్ఎంఆర్ రకమని ఒప్పుకున్నాక, సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ అనే పేరుతో విడిగా అమ్ముతోంది. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ కూడా సీఎంఆరే. 4 టీబీ డిస్కు తెరపై 3.6 టీబీగానే కనిపిస్తుంది, కాబట్టి మీకు 6 టీబీవి రెండు తీసుకోవడం మేలు.

గట్టువాసి:
పరీక్షించాను. అన్నీ ఆడాయి, ఒక సినిమాకు మాత్రం బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు.

తీగలపెట్టె:
అది బహుశా డీటీఎస్ అనే రూపంలో ఉన్న శబ్దం. దాన్ని కొన్ని టీవీలు ఆడించవు. ఆ ఒక్క ఫైలు శబ్దాన్ని కంప్యూటర్‌లో ఒకసారి ఏసీ3 అనే మరో శబ్ద రూపంలోకి మార్చుకుంటే సరిపోతుంది. దానికోసం ఖరీదైన పెట్టె కొనవద్దు, 223జె తీసుకోండి. మిగిలిన డబ్బుతో చిన్న యూపీఎస్ కొని యూఎస్‌బీ తీగతో నాస్‌కు కలపండి. ఇంటి ఇన్వర్టర్ కరెంటు ఇస్తుంది గాని, బ్యాటరీ అయిపోవస్తోందని నాస్‌కు చెప్పలేదు. యూపీఎస్ చెబితే నాస్ రాతలు ముగించి పద్ధతిగా ఆగిపోతుంది. బయటి నుండి చూడాలని రూటర్‌లో పోర్టులు, అంటే ఇంటర్నెట్ నుండి నేరుగా నాస్‌కు వచ్చే దారులు, మాత్రం తెరవకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) చిక్కించుకున్నది ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెలనే.