యెనూఫా: ప్రాగ్ మార్పులు ఉంచాలా, తీసేయాలా?

పాతరికార్డు: చెక్ స్వరకర్త యానాచెక్ ఒపెరా యెనూఫాని 1904లో ఆయన ఊరు బ్ర్నోలో మొదటిసారి ఆడారు. ప్రాగ్ నేషనల్ థియేటర్ మాత్రం పన్నెండేళ్లు గుమ్మం తొక్కనివ్వలేదు. చివరికి అక్కడి సంగీత దర్శకుడు కొవార్జోవిట్స్ 1916లో ఆడించాడు, అదీ తను కోతలు పెట్టి వాద్యాల కూర్పు మార్చుకుంటానన్న షరతు మీదే. ఆ తర్వాత దశాబ్దాల పాటు లోకం విన్నది ఈయన దిద్దిందే. ఇప్పుడు అసలుది దొరుకుతున్నా ప్రాగ్ కూర్పే ఆడేవాళ్లకి సిగ్గుండాలి.

రాగమాలిక: సిగ్గెందుకండీ? సవతి తల్లిని తీసుకెళ్లిపోయాక నాయిక యెనూఫా, ఆమెని ప్రేమించే లాట్సా ఇద్దరే మిగిలే ఆ చివరి సన్నివేశంలో హార్న్ వాద్యాలు ఒకదాని వెంట ఒకటి అందుకుంటాయి చూడండి, అది కొవార్జోవిట్స్ పెట్టిందే. ఒళ్లు పులకరిస్తుంది.

నిశి: నాకైతే అవి లేకపోతేనే బాగుంది.

పాతరికార్డు: హార్న్‌ల గొడవ కాదండీ. 1887లో కొవార్జోవిట్స్ ఒపెరాని యానాచెక్ తన పత్రికలో ఉతికి ఆరేశాడు. ఆ కక్ష మనసులో ఉన్నవాడి చేతికి కత్తెర ఇస్తే ఏమవుతుంది?

రాగమాలిక: కక్షే ఉంటే అసలు ఆడించేవాడా? ప్రాగ్‌లో గెలిచింది కాబట్టే 1918లో వియన్నా, 1924లో న్యూయార్క్. యానాచెక్ రాసిన కాత్యా కబనోవా, నక్క ఒపెరా అన్నీ ఆ తర్వాతవే. నా కూర్పు ముట్టుకోవద్దని భీష్మించుకుంటే బ్ర్నోలో ఆర్గన్ స్కూల్ పంతులుగానే మిగిలేవాడు.

పాతరికార్డు: ఈ మాట నాకూ చెప్పారు. ఒక పత్రిక నా కథ ముగింపు మార్చేసి వేసింది, అడిగితే ‘మీరు ఒప్పుకున్నారుగా’ అన్నారు. ఒప్పుకోక చస్తానా, అది నా మొదటి కథ!

నిశి: ఇదా సంగతి 🙂

రాగమాలిక: అంటే మీ ఎడిటర్ మీద కోపం కొవార్జోవిట్స్ మీద తీర్చుకుంటున్నారన్నమాట. నేనూ పత్రిక డెస్కులో పనిచేశాను సార్. బాగుంటే రాసినవాడి గొప్ప, బాగోకపోతే దిద్దినవాడి తప్పు. ఎంత చచ్చు రాతని నిలబెట్టామో ఒక్కడూ చెప్పడు.

పాతరికార్డు: దిద్దండి, వద్దనలేదు. కాదంటే బయటికి పొమ్మనే స్థితిలో నిలబెట్టి దిద్దకండి. అరవై దాటినవాడు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు ఆడతారన్న టెన్షన్‌లో అన్న ‘సరే’కి విలువెంత?

రాగమాలిక: గెలిచాక వియన్నాలో ఒపెరా స్కోరు (స్వరలిపి) అచ్చయినప్పుడూ ఆ మార్పులు ఉన్నాయిగా!

గోదారిగట్టు: 1982లో కండక్టర్ మెకెరాస్ చేసిన వియన్నా రికార్డింగ్‌లో అసలు కూర్పుంది, చివర్లో కొవార్జోవిట్స్ ముగింపూ విడిగా ఇచ్చారు. ముందు రెండూ వినండి.

రాగమాలిక: విన్నాను. హార్న్‌లదే బాగుంది.

పాతరికార్డు: మళ్లీ హార్న్‌లా!