ఆండ్రాయిడ్ యాప్‌లో ఫైల్ యాక్సెస్ లోపాలు: సొంత డైరెక్టరీని చూస్తే సరిపోతుందా?

ప్రశ్న

నమస్కారం. రైతులు పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు వంటి పత్రాలను అప్‌లోడ్ చేసే ఒక ఆండ్రాయిడ్ యాప్‌ను విడుదలకు ముందు పరీక్షించే పని నాకు అప్పగించారు. రూట్ చేసిన (పూర్తి అధికారాలు తెరిచిన) ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో నడిచే నమూనా ఫోన్‌లో, యాప్ సొంత డైరెక్టరీని తెరిచి షేర్డ్ ప్రిఫరెన్సులను (సెట్టింగులు దాచే ఫైళ్లను), డేటాబేసును, క్యాష్‌ను (తాత్కాలిక ఫైళ్లను) పరిశీలించాను. లాగిన్ టోకెన్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి. ఇతర యాప్‌లకు కనిపించే స్టోరేజీలో ఏ పత్రమూ మిగలడం లేదు. టార్గెట్ ఎస్‌డీకే 34, అంటే యాప్ ఆండ్రాయిడ్ 14 నియమాలకు తగ్గట్టు తయారైంది. గ్యాలరీ నుంచి గానీ వాట్సాప్ నుంచి గానీ షేర్ చేసిన పీడీఎఫ్‌లను కూడా ఈ యాప్ తీసుకుంటుంది. ఫైళ్ల వరకు పరీక్ష పూర్తయినట్టేనా?

మొదటి సమాధానం

పూర్తి కాలేదండి. మీరు చూసింది యాప్ తాను దాచుకునే ఫైళ్లను మాత్రమే. నా ఉద్దేశంలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది: యాప్ రాసే ఫైలు పేరును, అది చేరే చోటును ఎవరు నిర్ణయిస్తున్నారు? షేర్ చేసిన పీడీఎఫ్‌లను తీసుకుంటుందని మీరు చెప్పిన వాక్యం దగ్గరే అసలు పరీక్ష మొదలవుతుంది.

2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ 'డర్టీ స్ట్రీమ్' పేరుతో వెల్లడించిన లోపం సరిగ్గా ఇలాంటిదే. షావోమీ ఫైల్ మేనేజర్, డబ్ల్యూపీఎస్ ఆఫీస్ వంటి కోట్లమంది వాడే యాప్‌లలోనే అది బయటపడింది. ఫైలును పంపే యాప్ తన కంటెంట్ ప్రొవైడర్ (ఇతర యాప్‌లకు సమాచారం అందించే భాగం) ద్వారా ఫైలులోని సమాచారంతో పాటు దాని పేరును కూడా అందిస్తుంది, తీసుకునే యాప్ ఆ పేరును నమ్మి అదే పేరుతో క్యాష్‌లో రాసుకుంటే, పేరు మధ్యలో "../" (పై డైరెక్టరీకి వెళ్లమనే గుర్తు) పెట్టిన దుష్ట యాప్ ఆ ఫైలును క్యాష్ దాటించి, తనకు ఏమాత్రం అనుమతి లేని ప్రైవేటు డైరెక్టరీలో ఎక్కడికైనా చేర్చగలదు. ఒక యాప్ ఫైళ్లను మరో యాప్ తాకకుండా ఆపే శాండ్‌బాక్స్ ఇక్కడ కాపాడదు, ఎందుకంటే రాస్తున్నది బాధిత యాపే.

పరీక్షించడం కష్టం కాదు. ఒక చిన్న యాప్ రాసి, దాని ప్రొవైడర్ "../షేర్డ్_ప్రెఫ్స్/పరీక్ష.ఎక్స్‌ఎంఎల్" అనే తరహా పేరును తిరిగి ఇచ్చేలా చేయండి, పీడీఎఫ్‌లను తీసుకునే యాక్టివిటీకి (యాప్‌లోని ఆ తెరకు) నేరుగా ఎక్స్‌ప్లిసిట్ ఇంటెంట్, అంటే ఆ భాగం పేరు చెప్పి పంపే సందేశం, పంపండి. వాడుకరి షేర్ మెనూను తాకనవసరం కూడా లేదు. ఆ తరువాత ఏడీబీ షెల్‌లో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే సాధనంలో) ఆ ఫైలు ఎక్కడ పడిందో చూడండి. మొదట కొత్త పేరుతోనే ప్రయత్నించండి; ఉన్న ఫైలును చెరిపితే యాప్ ఎందుకు ఆగిపోయిందో తేల్చుకోవడం కష్టమవుతుంది.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఫైళ్లు బయటికి వెళ్లే దారిని కూడా చూడమని కోరుతున్నాను. ఆండ్రాయిడ్ 7 నుంచి ఫైల్ యూఆర్ఐలను (ఫైళ్ల నేరు చిరునామాలను) ఇతర యాప్‌లకు ఇవ్వడం కుదరదు కాబట్టి అందరూ ఫైల్‌ప్రొవైడర్‌ను, అంటే ఫైళ్లను పంచే సిద్ధ కంటెంట్ ప్రొవైడర్‌ను, వాడుతున్నారు. ఏ డైరెక్టరీలను పంచవచ్చో చెప్పే దాని పాత్‌ల ఎక్స్‌ఎంఎల్‌ను జాడెక్స్‌లో (యాప్‌ను తిరిగి కోడ్‌గా మార్చి చూపే సాధనంలో) తెరవండి. అక్కడ రూట్-పాత్ అనో, పాత్ విలువగా ఒక్క చుక్క అనో కనిపిస్తే, ఒక్క పీడీఎఫ్ కోసం మొత్తం డైరెక్టరీని పంచుకునే వీలు కల్పించారని అర్థం. ఫైల్‌ప్రొవైడర్ ఎక్స్‌పోర్ట్ కాదు (ఇతర యాప్‌లు దాన్ని నేరుగా పిలవలేవు) గనుక అది ఒక్కటే ప్రమాదకరం కాకపోవచ్చు. కానీ ఎక్స్‌పోర్ట్ అయిన ఏదైనా యాక్టివిటీ తనకు వచ్చిన ఇంటెంట్‌నే ఫలితంగా తిప్పి పంపుతుంటే, దాడి చేసేవారు చదివే అనుమతిని అందులోనే అడిగి పొందగలరు. ఈ రెంటినీ కలిపి చూడకపోతే లోపం కనిపించదు.

సొంతంగా రాసిన ప్రొవైడర్ ఉంటే దాని ఓపెన్‌ఫైల్ మెథడ్‌ను చదవండి. యూఆర్ఐలోని చివరి భాగాన్ని తీసుకుంటే చాలని చాలామంది అనుకుంటారు, కానీ ఎన్‌కోడ్ చేసిన స్లాష్‌లను ఆ చివరి భాగాన్ని తీసే మెథడ్ డీకోడ్ చేసి ఇస్తుంది కాబట్టి "../" మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కానానికల్ పాత్‌ను ("../" వంటివి విప్పాక మిగిలే అసలు చిరునామాను) తీసి, అది అనుమతించిన డైరెక్టరీతో మొదలవుతోందో లేదో సరిచూడాలి. ఆ సరిచూసే పాత్ చివర స్లాష్ తప్పనిసరి. లేకపోతే "ఫైల్స్"కు ఇచ్చిన అనుమతి "ఫైల్స్_పాత" అనే పక్క డైరెక్టరీకి కూడా వర్తిస్తుంది.

టార్గెట్ 34 కాబట్టి జావా జిప్ క్లాసులు ".." ఉన్న ఎంట్రీలను తిరస్కరిస్తాయి. యాప్ వేరే లైబ్రరీతో జిప్ విప్పుతుంటే ఆ రక్షణ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి పరీక్ష చేశాను. ఫైలు నిజంగానే షేర్డ్ ప్రిఫరెన్సుల డైరెక్టరీలో పడింది. పేరులో నుంచి "../" తీసేస్తే సరిపోతుందని డెవలపర్లు అంటున్నారు. నివేదికలో దీన్ని ఏ శీర్షిక కింద చూపాలి?

మొదటి సమాధానమిచ్చినవారు

తీసేయడం సరైన మందు కాదు. "....//" అని పంపితే, ఒక్కసారి తీసేశాక మిగిలేది మళ్లీ "../" అవుతుంది. వచ్చిన పేరును డిస్కు మీద అసలు వాడవద్దని, యాప్ సొంతంగా యాదృచ్ఛికమైన పేరు పెట్టుకుని, పాత పేరును తెర మీద చూపడానికి మాత్రమే డేటాబేసులో ఉంచుకోవాలని రాయండి. ఓవాస్ప్ (సాఫ్ట్‌వేర్ భద్రతా ప్రమాణాలు రూపొందించే సంస్థ) మొబైల్ ప్రమాణంలో నమ్మదగని ఇన్‌పుట్‌ను సరిచూడడం కోడ్ విభాగంలోని 4వ నియంత్రణ కిందికి వస్తుంది. ఫైల్‌ప్రొవైడర్ సంగతి ప్లాట్‌ఫామ్ విభాగంలోని 1వ నియంత్రణకు చెందుతుంది. రెంటినీ విడివిడిగా నమోదు చేయండి, ఎందుకంటే వాటిని సరిదిద్దేది ఒకే మార్పు కాదు.

పరీక్షకు నిజమైన రైతుల పత్రాలను వాడుతుంటే వెంటనే ఆపి, నకిలీ పత్రాలను తయారు చేసుకోండి. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను నిర్దేశించింది. సవరించిన బిల్డ్ వచ్చాక "....//" రూపంతోనూ, ఎన్‌కోడ్ చేసిన రూపంతోనూ అదే పరీక్షను మళ్లీ చేసి, ఫలితాన్ని నివేదికకు జతపరచండి.