బంగారుతీగ ముష్కం స్లైడ్‌లో కణాలు గుంపులుగా ఉన్నాయి, మిల్ట్‌లో కదలిక లేదు: ఎందుకు?

ప్రశ్న: బంగారుతీగ (కామన్ కార్పు) మగచేప ముష్కం సెక్షన్లు, అంటే పలచగా కోసి రంగువేసిన పొరలు, చూస్తున్నాను. ఒకే నాళికలో ఒకచోట పెద్ద కణాల గుంపు, ఆనుకునే చుక్కల్లాంటి కణాల గుంపు. ఎలుక ముష్కంలోలాగా అంచు నుంచి మధ్యకి పొరలు లేవు. ముక్క నడిమి భాగం మసకగా ఉంది. కణాలు చెడకుండా నిలిపే బొయిన్ ద్రావణంలో ముష్కాన్ని మొత్తంగా వేశాను. ఇంకొకటి, అదే చేప మిల్ట్‌ను (వీర్యాన్ని) 0.9% సెలైన్‌లో (ఉప్పునీటిలో) కలిపి చూస్తే ఒక్క శుక్రకణమూ కదలలేదు. చేప పనికిరానట్టేనా?

జవాబు 1: గుంపులుగా ఉండటం తప్పు కాదండి, అస్థిచేపల ముష్కం తీరే అంత. ఎలుకలో ఒక్క సెర్టోలి కణమే (శుక్రకణాలను పోషించే కణం) ఒకేసారి వేర్వేరు దశల కణాలను సాకుతుంది. చేపలో కొన్ని సెర్టోలి కణాలు కలిసి ఒకే ఒక్క శుక్రమాతృకణాన్ని (శుక్రకణాలకు మూలమైన కణాన్ని) చుట్టేస్తాయి. ఆ సంచినే సిస్ట్ అంటాం. లోపలి కణం చీలేకొద్దీ పిల్లకణాలు సన్నని వంతెనలతో అతుక్కునే ఉంటాయి, కాబట్టి సిస్ట్ మొత్తం ఒకే దశలో నడుస్తుంది. పక్క సిస్ట్ వేరే రోజు మొదలైంది, అది వేరే దశలో ఉంటుంది.

లెక్క సిస్టుల వారీగా వేయండి. గోడ పక్కన ఒంటరిగా, పెద్దగా, లేతరంగు కేంద్రకంతో కనిపించేది తొలి శుక్రమాతృకణం. కేంద్రకంలో దారపు ఉండలా ముదురు పోగులుంటే ప్రాథమిక స్పెర్మటోసైట్, అంటే తర్వాతి దశ. గుండ్రంగా, చిన్నగా, చిక్కటి నీలంగా ఉంటే స్పెర్మటిడ్, అంటే శుక్రకణంగా మారబోయేది. సిస్ట్ పగిలి నాళిక మధ్యలోకి ఒలికినవే శుక్రకణాలు. జీబ్రాచేపలో 28 డిగ్రీల దగ్గర క్షయకరణ విభజన (క్రోమోజోములు సగమయ్యే విభజన) మొదలయ్యాక శుక్రకణం తయారవడానికి దాదాపు 6 రోజులే పడుతుంది. నీళ్లు చల్లబడితే ఈ వేగం తగ్గుతుంది.

మసక మాత్రం ఫిక్సేషన్ (కణాలను ద్రావణంతో నిలపడం) లోపమే. పైతొడుగు దాటి ద్రావణం లోపలికి చేరేలోపు నడిమి కణాలు పాడవుతాయి. 5 మి.మీ. మించని ముక్కలుగా కోసి వేయండి. బొయిన్ పాళ్లు ఇవి: సంతృప్త పిక్రిక్ ఆమ్లం 75 మి.లీ., ఫార్మలిన్ 25, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం 5. ముక్కల పరిమాణానికి పదిరెట్లకు తగ్గకుండా పోసి 24 గంటలు ఉంచి, తర్వాత పసుపు దిగేదాకా 70% ఆల్కహాల్ మారుస్తూ ఉండండి. పిక్రిక్ ఆమ్లాన్ని సీసా మూతి దగ్గర కూడా ఎండనివ్వకండి, ఎండితే పేలొచ్చు.

జవాబు 2: మిల్ట్ సంగతి నేను చెప్తాను. 0.9% సెలైన్ గాఢత ఆ చేప వీర్యద్రవం గాఢతకు దాదాపు సమానం. కార్పు జాతి శుక్రకణాలు చుట్టూ ద్రవం పలచబడితేనే మేల్కొంటాయి. అంటే మీరు వాటిని నిద్రలోనే ఉంచి చూశారు. ట్రౌట్‌లో కథ వేరు, అక్కడ ఆపి ఉంచేది పొటాషియం. అందుకే పొటాషియం లేని ఇదే సెలైన్‌లో ట్రౌట్ కణాలు కదులుతాయి.

పొడి స్లైడ్‌పై సూదిమొనంత మిల్ట్ పెట్టి ముందు ఫోకస్ కుదుర్చుకోండి. తర్వాత 20 మైక్రోలీటర్ల మంచినీళ్లు వేసి వెంటనే చూడండి. కదలిక నిమిషం అటూఇటూగా ఆగిపోతుంది, ఫోకస్ వెతుక్కుంటూ కూర్చుంటే అయిపోయినట్టే. కణాలు గాజుకు అంటుకుంటుంటే నీళ్లలో 0.1% ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కలపండి.

ప్రశ్న అడిగినవారు: నీళ్లతో కదిలాయి, ధన్యవాదాలు. కానీ ఇంకో చేప మిల్ట్‌లో నీళ్లు వేయకముందే కొన్ని కదులుతున్నాయి. అది మంచిదేగా?

జవాబు 2: కాదు, మూత్రం కలిసింది. పలచటి మూత్రం తగిలితే చాలు, కణాలు ముందే శక్తి ఖర్చు చేసేస్తాయి, గుడ్ల దగ్గరికి వెళ్లేసరికి ఏమీ మిగలదు. పొట్ట నొక్కేముందు మూత్రం పోనిచ్చి, రంధ్రం చుట్టూ పొడిగుడ్డతో అద్ది, మొదటి చుక్క వదిలేయండి. సిరంజి, గిన్నె ఎముకలా పొడిగా ఉండాలి. మిల్ట్‌ను పలచని పొరగా, గాలి ఆడేలా 4 డిగ్రీల దగ్గర పెట్టండి. మంచుగడ్డకు నేరుగా తగలనివ్వద్దు.

జవాబు 3: స్లైడ్ల మాటొచ్చింది కాబట్టి ఒకటి. గప్పీ, మెడకా అనే చిన్నచేపల ముష్కాల్లో శుక్రమాతృకణాలు నాళిక కొసన, పైతొడుగు కిందే ఉంటాయి. కార్పులో నాళిక పొడవునా ఉంటాయి. ఇది తెలియక గప్పీ సెక్షన్ నడుమ వాటికోసం వెతికేవాళ్లు చాలామంది. ఇక క్లారియస్ (మార్పు లాంటి క్యాట్‌ఫిష్) మగచేపల పొట్ట ఎంత నొక్కినా సాధారణంగా మిల్ట్ రాదు. ముష్కాన్ని కోసి తీసి, తుడిచి, 0.9% సెలైన్‌లో నలిపి వడగట్టాల్సిందే. ఆ సెలైన్‌లో కదలిక లేకపోతే కంగారుపడకండి, కారణం పైన చెప్పిందే.