చెవి తమ్మె మీద కెలాయిడ్: ముందు కొయ్యాలా, ముందు ఇంజెక్షన్లా?

చర్చ పెట్టినవారు: చెవికి కుట్టించిన రెండో రంధ్రం దగ్గర రేగిపండంత గడ్డ. అమ్మాయికి 22 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నారు. సర్జన్ కోసేద్దామన్నారు, చర్మవైద్యురాలు ఇంజెక్షన్లన్నారు. ఎవరి మాట వినాలి?

చర్మవైద్యం: గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పాకితేనే కెలాయిడ్. హద్దులోనే ఉబ్బి ఉంటే హైపర్‌ట్రోఫిక్ మచ్చ, అది కాలం గడిచేకొద్దీ తనంతట తగ్గొచ్చు. కెలాయిడ్ అలా తగ్గదు. ఒట్టిగా కోసి కుట్లేసి వదిలేస్తే తిరిగొచ్చేవి 45 నుంచి 100 శాతమని అధ్యయనాలు. కోతా ఓ గాయమే కదండీ! కాబట్టి ముందు ట్రైయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాములు, నాలుగు వారాలకోసారి.

సర్జరీ విభాగం: మేడమ్, ఆ లెక్క కోత ఒక్కటే చేసి వదిలేసిన కేసులది. కాడ సన్నగా ఉండి వేలాడే తమ్మె గడ్డకు ఇంజెక్షన్లతో దురద పోతుంది, గట్టిదనం తగ్గుతుంది, ఆకారం మాత్రం రాదు. పోగు పెట్టిన రంధ్రం దారితో సహా తీసి, చర్మం లాగకుండా కుట్లేయాలి. కుట్లు విప్పే రోజునో, గాయం నిలబడ్డ రెండు మూడు వారాలకో ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. తర్వాత ప్రెషర్ క్లిప్, అంటే తమ్మెను నొక్కి పట్టే క్లిప్, రోజుకు 12 గంటలకు తగ్గకుండా ఆరు నెలలు. క్లిప్ కింద చర్మం తెల్లబడినా పుండు పడినా వదులు చేయాలి. ఛాతీ మీదైతే నేనూ ముందు కొయ్యను, అక్కడ చర్మం ఎప్పుడూ బిగుతే.

ప్రొసీజర్ రూమ్: ఇంజెక్షన్ కూడా తేలికేం కాదండీ. మందు గడ్డ లోపలికే వెళ్లాలి. సూది కింది కొవ్వులోకి దిగితే అక్కడ గుంట పడుతుంది. మన రంగు చర్మం మీద చుట్టూ తెల్లబడటం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటిసారి గడ్డ రాయిలా ఉండి మందు ఎక్కదు. సూదిని మరలా తిప్పి బిగించే లూయర్ లాక్ సిరంజి కాకపోతే సూది ఊడి మందు చిమ్ముతుంది. ఫైవ్ ఎఫ్‌యూ (ఫ్లోరోయురాసిల్, కణాల పెరుగుదలను ఆపే మందు) కలిపేవాళ్లు దాని 0.9 మి.లీ.కి మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాముల ట్రైయామ్సినలోన్ 0.1 మి.లీ. కలుపుతారు. గర్భిణులకు ఫైవ్ ఎఫ్‌యూ వద్దే వద్దు. షుగర్ ఉంటే స్టెరాయిడ్‌కు ముందే చెప్పాలి. సున్నం, జీడి రసం రాసుకుని వచ్చేవాళ్లకు కాలిన గాయం అదనం.

చర్చ పెట్టినవారు: రేడియేషన్ మాట కూడా విన్నాం.

సర్జరీ విభాగం: కోసిన 24 నుంచి 72 గంటల్లోపు ఇస్తారు. పదేపదే తిరిగొచ్చిన మొండివాటికే. ఈ కేసుకు అక్కర్లేదు.

చర్మవైద్యం: సరే, కాడ ఉన్న గడ్డకు కోతకు ఒప్పుకుంటా. నా భయం వేరే. దురద తగ్గగానే మానేస్తారు. ఆ దురద, పోట్లతో అటుపక్క పడుకోలేక, జుట్టు ముందుకేసుకుని తిరిగే పిల్లకు రెండోసారి ఇంకా పెద్దది వస్తే? నెలనెలా రాలేని మనిషికి కోత పెట్టకండి.

సర్జరీ విభాగం: రాలేని మనిషికి మీ ఇంజెక్షన్లూ కుదరవుగా మేడమ్.

చర్మవైద్యం: కుదరవు. కానీ మధ్యలో ఆపితే నా గడ్డ చాలావరకు మొదటి సైజుకే వస్తుంది, మీది దాటిపోవచ్చు. ముహూర్తం మూడు నెలల్లో ఉంటే ఇప్పుడు ఇంజెక్షన్లే, కోత పెళ్లయ్యాక. చెల్లెలికి రెండో కుట్టు ఆలోచన ఉంటే మానిపించండి. 11 ఏళ్లు దాటాక కుట్టించిన చెవులకే కెలాయిడ్ ఎక్కువ, పైగా ఇంట్లో ఒకరికి ఉంది.