యంత్రభూతముల ‘కోరలు’ తోమేనా, ‘కోరల’ తోమేనా?

విశాఖవాసి: పొద్దుట్నుంచీ ఈ పాదం నోట్లో ఆడుతోంది. శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’లో “యంత్రభూతముల కోరలు తోమే” అనే కదా? మా మాస్టారు ‘కోరల తోమే’ అని చదివేవారు. మీ ప్రతుల్లో ఎలా ఉంది?

పాతప్రతి: ‘లు’. ‘కోరల’ అని ద్వితీయా విభక్తి చేస్తే చివర ద్రుతం, అంటే నకారం, వస్తుంది; దాని తర్వాత ‘తోమే’ కాస్తా ‘దోమే’ అవ్వాలి.

గతిప్రియ: ఆ గీతంలో సరళాదేశం (ఇలా ‘త’ ‘ద’ కావడం) పట్టింపు ఎక్కడుందండీ? కోరలు, కోరల రెండూ నాలుగు మాత్రలే. నడక ఏ పక్షమూ కాదు.

మాంచెస్టర్ తెలుగు: కొమ్ము సంగతి అలా ఉంచి ‘తోమే’ చూడండి. ఇక్కడి నూలు మిల్లుల్లో అది అక్షరాలా జరిగింది. 1779లో బోల్టన్‌లో క్రాంప్టన్ నూలు వడికే మ్యూల్ యంత్రం చేశాడు. కదుళ్ళున్న బండి అయిదడుగుల దాకా జరిగి నూలు సాగదీస్తుంది, వెనక్కొస్తూ చుట్టుకుంటుంది. అది ఆడుతుండగానే దారాల కింద పాకి, రాలిన దూది ఊడ్చే పని పిల్లలది. కదిలే భాగానికీ కదలని భాగానికీ మధ్య పిల్లల్ని పెట్టకూడదని చట్టం వచ్చేసరికి 1844. స్టయల్‌లోని క్వారీ బ్యాంక్ మిల్లులో మ్యూల్ తిరుగుతుంటే చూశాను. ఆ కిందికి ఓ పిల్లాణ్ణి పంపారన్న ఊహకే ఒళ్ళు జలదరించింది.

పళ్ళచక్రం: మ్యూల్‌కి కోరలెక్కడివి? కోరలున్నది దూది ఏకే కార్డింగ్ యంత్రానికి. సిలిండరు నిండా వంకర తీగ పళ్ళే. వాటిలో ఇరుక్కున్న పీచు తియ్యడానికీ, పళ్ళు సానపట్టడానికీ లాంకషైర్‌లో ప్రత్యేకంగా మనుషులుండేవారు. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యేవి, బిసినోసిస్ అంటారు. కోరలు తోమడమంటే అదీ.

పాతప్రతి: పన్ను వేరు, కోర వేరు. చక్రానికి పళ్ళంటాం గానీ కోరలనం. భూతం అన్నాడు కాబట్టే కోర వచ్చింది.

గతిప్రియ: ఆ భూతం పిశాచమేనా? నీరు, నిప్పు పంచభూతాల్లోవి. యంత్రాన్ని నడిపిందీ ఆ రెండే. జేమ్స్ వాట్ 1769లో పేటెంట్ తీసుకున్నది ఆవిరి ఇంజనులో ఆ రెండిటి ఆవిరి వృథా కాకుండా, దాన్ని వేరే గదిలో చల్లార్చే విడి కండెన్సర్‌కే.

పాతప్రతి: పంచభూతాలకు కోరలుంటాయా!

కృష్ణాతీరం: మీరంతా ఒక్క కొమ్ము దగ్గరే ఆగిపోయారు. అదే గీతంలో ‘పరిశ్రమించే’ అన్నది కర్షకుణ్ణి. కార్ఖానా మనిషికి వాడింది ‘పరిక్లమిస్తూ, పరిప్లవిస్తూ’. మనమేమో కార్ఖానాకే పరిశ్రమ అని పేరు పెట్టుకున్నాం. క్లమం అంటే అలసట, సరే. ప్లవం అంటే తేలడం కదా, దేంట్లో?

పళ్ళచక్రం: ముందు ‘గనిలో’ అన్నాడుగా! గనిలో నీళ్ళే. 1712లో డడ్లీ దగ్గర న్యూకొమెన్ పెట్టిన ఆవిరి ఇంజను పని గనిలో నీళ్ళు తోడడమే.

గతిప్రియ: చెమటలో అనుకోవచ్చుగా? పైన కర్షకుడి ఒంటి మీద ‘కాలువకట్టే ఘర్మజలం’ ఉండనే ఉంది.

విశాఖవాసి: అయ్యా, పాత ముద్రణ ఉన్నవారు ఆ పుట ఫొటో పెట్టండి. ‘ల’కి కొమ్ముందో లేదో చూడాలి.

కృష్ణాతీరం: పరిప్లవానికి చలించడం అనే అర్థమూ ఉంది. నేను ‘తూలుతూ’ అనే చదువుకుంటాను.